టీమ్ ఈవెంట్ నా నెత్తిన పడింది. జనానికి నిజంగా ఏం నచ్చుతుంది?

మూడో_అంతస్తువాడు:

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో మొత్తం 34 మందిమి. ఆరుగురు ఇంటి నుంచే పని చేస్తారు, ఏడుగురు సపోర్ట్‌లో షిఫ్టుల మీద ఉంటారు. అందరికంటే చిన్న కుర్రాడికి 22 ఏళ్లు. పెద్దాయన వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ఇంకో ఐదు వారాల్లో టీమ్ ఈవెంట్ ఉంది, ఈసారి అది నా నెత్తిన పడింది. ఎందుకంటే, పోయినసారి ఈవెంట్ గురించి లంచ్ రూమ్‌లో నేను గొణిగిన మాట మా మేనేజర్ చెవిన పడింది. "అయితే ఈసారి మీరే చెయ్యండి" అన్నారు. నోటి దురద ఫలితం.

పోయినసారి ఏం జరిగిందంటే, శనివారం పొద్దున్నే రమ్మన్నారు. మైక్ పట్టుకుని నడిపించడానికి బయట నుంచి ఒకాయన్ని పిలిచారు. ఆయన వచ్చిన దగ్గర్నుంచి "సౌండ్ సరిపోలేదు, ఇంకోసారి!" అని అరుస్తూనే ఉన్నాడు. చప్పట్లు కొట్టించాడు, జంటలుగా నిలబెట్టి గంతులు వేయించాడు, ఒక్కొక్కరినీ స్టేజి మీదకి లాగి "మీ గురించి ఇక్కడ ఎవరికీ తెలియని విషయం ఒకటి చెప్పండి" అని మైక్ మూతి దగ్గర పెట్టాడు. మా టెస్టింగ్‌లో ఒకావిడ ఉన్నారు. పనిలో ఆవిడకి తిరుగులేదు, మాట మాత్రం తక్కువ. ఆవిడ దాదాపు మూడు గంటలు ఒక స్తంభం చాటున నిలబడ్డారు. నేను చూశాను. చూసినట్టు ఆవిడకి తెలిస్తే బాగుండదని మొహం తిప్పుకున్నాను.

తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు. అందులో మొదటి గడి "మీ పేరు". ఇంకేముంది, 34 మందీ "చాలా బాగుంది" అని రాసేశారు. నేనూ అదే రాశాను.

ఇప్పుడు మేనేజర్‌గారు "ఎనర్జీ ఉండాలి" అంటున్నారు. నాకేమో ఆ స్తంభమే కళ్ల ముందు తిరుగుతోంది. మీ ఆఫీసుల్లో జనం నిజంగా ఇష్టపడిన ఈవెంట్ ఏదైనా ఉందా? అందరూ తప్పనిసరిగా రావాలని పెట్టాలా, వద్దా? షిఫ్టువాళ్లనీ ఇంటి నుంచి పని చేసేవాళ్లనీ ఎలా కలుపుకోవాలి? టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

ఎక్సెల్_అక్క:

తమ్ముడూ, ఈవెంట్ చేసేవాళ్లందరూ స్టేజి వైపు చూస్తారు. నువ్వు స్తంభం వైపు చూశావు కాబట్టి నీకు ఇది వస్తుంది, భయపడకు.

రెండు ఉద్యోగాల్లో కలిపి 11 ఏళ్లుగా ఈ చాకిరీ చేస్తున్నాను. జీతం అకౌంట్స్ పనికి వస్తుంది, తిట్లు ఈవెంట్లకి వస్తాయి. అందుకే నా తప్పులే ఎక్కువ చెప్తాను, అవే పనికొస్తాయి.

మొదటి రెండేళ్లు "మీకు ఏం కావాలి?" అని ఫారం పంపేదాన్ని. "ఏదైనా ఓకే", "సరదాగా ఉంటే చాలు" అని వచ్చేవి. ఒకాయన "సెలవు" అని రాశాడు. వాటితో ఏం చేసుకోను? మూడో ఏడాది ప్రశ్న తిరగేశాను: "ఏం వద్దు?" పేరు గడి తీసేశాను. అప్పుడు చూడాలి, వరద. స్టేజి వద్దు. తడిసే ఆటలు వద్దు. నన్ను బాస్ టీమ్‌లో వెయ్యొద్దు. నన్ను ఎవరైనా ఎత్తాల్సిన ఆట వద్దు. ఆదివారం వద్దు. వాటి మధ్యలో ఒకటి: "చిన్నప్పటి ఫొటో తెమ్మని అడగొద్దు." సరిగ్గా నేను అనుకున్న ఆట అదే, చిన్నప్పటి ఫొటోలు గోడకి అంటించి ఎవరిదో కనిపెట్టడం. అలా రాసిందెవరో, ఎందుకు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఒక్కరి మాట మీద ఆ ఆట తీసేశాను. ఫొటోలే లేనివాళ్లు ఉంటారు, ఉన్నా చూసుకోలేనివాళ్లు ఉంటారు. మనం సరదా అనుకున్నది ఎక్కడ గుచ్చుకుంటుందో ముందే కనిపెట్టలేం, అడిగితేనే తెలుస్తుంది.

ఇక టైము. పని వేళల్లోనే పెట్టు. వారం మధ్యలో మధ్యాహ్నం బెస్ట్. శనివారం పెడితే నువ్వు ఎంత గొప్ప ఈవెంట్ చేసినా, ఇంటి దగ్గర పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వచ్చినవాళ్లు గడియారం చూస్తూనే ఉంటారు. పని వేళల్లో పెట్టానని మురిసిపోకు కూడా, ఇంకో మెలిక ఉంది. ఆ రోజు పడాల్సిన గడువులు మరుసటి రోజుకి జరపమని మేనేజర్ చేత ముందే మెయిల్ పెట్టించు. ఆటలయ్యాక మళ్లీ సీటుకెళ్లి మిగిలిన పని పూర్తి చేసుకోవాల్సి వస్తే మనం వాళ్లకి ఇచ్చింది రెండు గంటల సరదా కాదు, రెండు గంటల అప్పు.

"ఎనర్జీ" సంగతి. నాలుగో ఏడాది నేనూ ఆ మాయలో పడ్డాను. తాడు లాగే పోటీ పెట్టాను, వైపుకి పదిమంది. అరుపులు, కేకలు, వీడియోలో అద్భుతంగా వచ్చింది. తీరా చూస్తే నిజంగా లాగింది ముందున్న ముగ్గురు. మిగతావాళ్లు తాడు పట్టుకుని మొహాలు బిగించారంతే. ఇది మా ఆఫీసు వింత కాదు. ఫ్రాన్స్‌లో రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు ఈ తాడు లాగుడునే కొలిచి 1913లో ప్రచురించాడు. మనుషులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గుతూ వచ్చింది. ఎనిమిది మంది కలిసి లాగితే వాళ్ల విడివిడి బలాల మొత్తంలో దాదాపు సగమే వచ్చింది. అంటే గుంపు పెద్దదైతే మనిషి దాక్కుంటాడు. దాక్కోవడం తప్పని నేను అనను, పెద్ద గుంపులో అందరూ కలిసి ఆడుతున్నారని మనం మోసపోకూడదు అంటున్నాను. ఆ రోజు నిజాయితీగా లాగిన ముగ్గురిలో ఒకతనికి భుజం పట్టేసి వారం మౌస్ ఎడమ చేత్తో తిప్పాడు. వీడియో కింద మాత్రం లైకులే లైకులు.

అందుకని నలుగురేసి. ఐదో మనిషి వచ్చేసరికి మాట రెండుగా చీలిపోతుంది, నువ్వే ఏ బల్ల దగ్గరైనా గమనించు. మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ కూడా లెక్కపెట్టి ఇదే చెప్పాడు. ఆ నలుగురిని వాళ్లనే కూర్చోమంటే ఎప్పటి స్నేహితులే కూర్చుంటారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఇంగ్రమ్, మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పార్టీకి వచ్చినవాళ్లకి ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించి చూసి, 2007లో ప్రచురించారు. కొత్తవాళ్లని కలవడానికే వచ్చామన్న ఆ పెద్దమనుషులు తెలిసినవాళ్ల వైపే ఎక్కువ మొగ్గారు. కాబట్టి చీటీలు నువ్వే వెయ్యి. కానీ పూర్తి లాటరీ వద్దు. ప్రతి బల్ల దగ్గరా ప్రతి మనిషికీ కనీసం ఒక తెలిసిన మొహం ఉండేలా చూడు. నేను ఎక్సెల్‌లో చేస్తాను, నా పేరు అందుకే ఇది.

రంగుల గురించి ఒక్క మాట, ఇది నా గుండెల్లో ముల్లు. ఒకసారి ఎర్ర టీమ్, ఆకుపచ్చ టీమ్ అని బ్యాండులు కట్టాను. ఒకాయన వెళ్లి ఎదుటి టీమ్‌లో నిలబడ్డాడు. అందరూ నవ్వారు, ముందు నవ్వింది నేనే. ఆయనా నవ్వాడు. మరుసటి రోజు నా దగ్గరకొచ్చి మెల్లగా "నాకు ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయండీ" అన్నాడు. మగవాళ్లలో సుమారు పన్నెండు మందిలో ఒకరికి ఉండే విషయమట, నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఆయన నాలుగేళ్లుగా మా పక్క సీటు. నేను వేసిన ప్రతి రంగురంగుల షీటూ ఆయన ఎలా చదివాడో మరి. అప్పట్నుంచి టీములకి అంకెలు, బొమ్మలే.

తప్పనిసరా కాదా అన్నావు. కాదు. అయితే "ఇష్టమైతేనే రండి" అని రాసి, రానివాళ్లని "ఏం, ఎందుకు రాలేదు?" అని అడిగితే అది తప్పనిసరి కంటే ఘోరం. ఆడనన్న మనిషి చేత కారణం చెప్పించకూడదు. మోకాలి నొప్పి కావచ్చు, ఇంకా ఎవరికీ చెప్పని గర్భం కావచ్చు, రాత్రి ఇంట్లో గొడవ కావచ్చు, ఉత్తినే ఇష్టం లేకపోవచ్చు. గంతులు వెయ్యనందుకు తన ఆరోగ్యం చిట్టా నీకు విప్పి చూపించాల్సిన పరిస్థితి రానివ్వకు. ఆడని మనిషి కూర్చోవడానికి ఒక మంచి చోటు, చేతులకి ఏదో ఒక పని ఉంటే చాలు. స్కోరు రాయడం, టైము చూడటం, ఏదైనా. స్తంభం వెనక నిలబడటం ఎందుకొస్తుందంటే, ఖాళీ చేతులతో ఎక్కడ నిలబడాలో తెలియక.

చివరిగా, చెప్పిన టైము కంటే పది నిమిషాలు ముందే ఆపెయ్యి. బాగా సాగుతోంది కదా అని పొడిగించావో, జనానికి గుర్తుండేది ఆ చివరి సాగదీతే.

హాజరుపట్టీ:

అక్కా, మీరు చెప్పింది చదివితే మీ ఆఫీసులో చేరాలనిపిస్తోంది. మా దగ్గర ఈవెంట్‌కి హాజరు తీస్తారు. నిజంగానే, షీట్ పట్టుకుని. రానివాళ్ల పేర్లు పైకి వెళ్తాయి, సంవత్సరం చివర "టీమ్ స్పిరిట్ తక్కువ" అని వ్యాఖ్య వస్తుంది. నాకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేను ఈవెంట్‌లోనే ఉన్నాను, సంతకం పెట్టడం మర్చిపోయానంతే!

ఫ్రాన్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. అక్కడ ఒక కన్సల్టింగ్ సంస్థ తన ఉద్యోగిని తీసేసింది. చెప్పిన కారణాల్లో ఒకటి, సంస్థ వాళ్ల "సరదా" సంస్కృతిలో అతను కలవట్లేదని. పని అయ్యాక తాగుళ్లూ గోలా అతనికి నచ్చలేదు. కేసు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 2022 నవంబరులో ఆ కోర్టు, అలాంటి సరదాలో పాల్గొనకపోవడం అతని భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమే, దాని మీద ఉద్యోగం తీసేయడం చెల్లదు అంది. నేను ఆ వార్త ప్రింట్ తీసి డ్రాయరులో పెట్టుకున్నాను. వాడే ధైర్యం లేదనుకోండి, ఉందని ధైర్యం.

మ్యూట్‌లో_ఉన్నాను:

ఇంటి నుంచి పని చేసే ఆ ఆరుగురి తరఫున రాస్తున్నాను. మా టీమ్‌లో నాలాంటివాళ్లం నలుగురం.

దయచేసి ఈ ఒక్క పని చెయ్యకండి: ఆఫీసు హాల్లో ఒక బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టి "మీరూ మాతోనే ఉన్నారు" అనడం. నేను పోయిన ఈవెంట్‌లో గంటంబావు సీలింగ్ ఫ్యాన్ చూశాను. మధ్యలో ఎవరో వచ్చి కెమెరా మీద టోపీ పెట్టి వెళ్లారు. నేను "హలో, టోపీ" అన్నాను. వినిపించలేదు, స్పీకర్ తీసి మైక్ సిస్టమ్‌కి పెట్టుకున్నారట.

సగం మంది హాల్లో, సగం మంది తెర మీద ఉండే ఆట ఏదీ కుదరదు, నేను చూసినంతలో. హాల్లో నవ్వు మాకు రెండు సెకన్లు ఆలస్యంగా వస్తుంది, అప్పటికి జోకు అయిపోయి ఉంటుంది. మాకు కుదిరింది ఏంటంటే, ఆ ఆట వరకు అందరూ ఎవరి సీటులో వాళ్లు, ఎవరి తెర ముందు వాళ్లు. ఆఫీసులో ఉన్నవాళ్లు కూడా. జియోగెస్సర్ ఆడాం. ప్రపంచంలో ఎక్కడిదో ఒక రోడ్డు ఫొటో చూపిస్తుంది, స్తంభాలు, బోర్డులు, గీతలు చూసి ఏ దేశమో మ్యాప్ మీద పెట్టాలి. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు కూడా "ఆ బోర్డు మీద లిపి చూడండి" అని నోరు తెరుస్తారు. 25 నిమిషాలు చాలు, దాటితే తెర అలసట మొదలవుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఆఫీసులో ఉన్నవాళ్లకి ఏదైనా పంచితే, మాకు కూడా అదే రోజుకి అందేలా ముందే పోస్ట్ చెయ్యండి. వస్తువు గొప్పదని కాదు. పది రోజుల తర్వాత వస్తే మిగిలిపోయింది పంపినట్టు ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నేను:

మిగిలిపోయింది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా సపోర్ట్ వాళ్ల జీవితం అదే. మధ్యాహ్నం మూడు అంటే నాకు అర్ధరాత్రి లెక్క. ఈవెంట్ ఫొటోలు చూస్తూ నిద్ర లేస్తాను, డ్యూటీకి వచ్చేసరికి నా పేరు రాసిన డబ్బా ఒకటి చల్లారిపోయి ఉంటుంది, పక్కన గాలి తగ్గిన బెలూన్లు.

బ్రదర్, రెండుసార్లు చెయ్యండి. చిన్నదైనా ఫర్వాలేదు, మా షిఫ్టులో మా కోసం చెయ్యండి. ఆ గంటా కాల్స్ ఎవరు ఎత్తుతారో ముందే రాతపూర్వకంగా ఖాయం చెయ్యండి, లేకపోతే హెడ్‌సెట్ మెడలో వేసుకునే ఆడతాం. మేనేజర్ కూడా ఆ టైముకి రావాలి. ఒకసారి మా పాత మేనేజర్ రాత్రి పదకొండుకి వచ్చారు, ఏ ఆటా లేదు, గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్లారు. ఆరేళ్లయింది, మా వాళ్లు ఇంకా ఆ మాట చెప్పుకుంటారు.

బాస్‌ని_నేనే:

నేను ఆ "ఎనర్జీ" అనే జాతివాడినే, కొట్టకండి. ఎక్సెల్ అక్కగారు చెప్పినదాంట్లో చాలావాటితో ఏకీభవిస్తాను, ఒకటి రెండు చోట్ల మాత్రం కాదు.

"ఇష్టమైతేనే" అని వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను. 20 మంది టీమ్‌లో 11 మంది వచ్చారు. ఎప్పుడూ కలిసి తిరిగే ఆ 11 మందే. కొత్తగా చేరిన ఇద్దరు రాలేదు. తర్వాత ఒకమ్మాయి చెప్పింది, "రాకపోయినా ఫర్వాలేదు" అంటే "మీరు లేకపోయినా మాకేం కాదు" అని అర్థమైందట. నేను దయ అనుకుని రాసిన వాక్యం అది! అప్పట్నుంచి మెయిల్‌తో ఆపను. ఒక్కొక్కరి సీటు దగ్గరకి వెళ్లి పిలుస్తాను. "మీరొస్తే బాగుంటుంది, కుదరకపోతే ఏం ఫర్వాలేదు" అని ఒకే ఊపిరిలో రెండూ చెప్పాలి.

నలుగురి బల్ల గురించి కూడా. నలుగురిలో ఒకరు వాగుడుకాయ అయితే మిగతా ముగ్గురికి అది జైలు. పెద్ద గుంపులో కనీసం పారిపోవచ్చు.

ఇక మేనేజర్లు ఈవెంట్‌లో ఏం చెయ్యాలని నన్నడిగితే, మొదటి ఆటలో ఓడిపోయి, సగంలో వెళ్లిపోవాలి. నేను వెళ్లాకే నవ్వులు పెద్దవయ్యాయని మా వాళ్లు ఒప్పుకున్నారు. మొదట్లో కాస్త చివుక్కుమంది.

ఎక్సెల్_అక్క:

జైలు మాట నిజమేనండీ, దానికి నా దగ్గర మందు ఉంది కానీ రాయడం మర్చిపోయాను. ఇరవై నిమిషాలకోసారి బల్ల మార్పిడి. వాగుడుకాయ దగ్గర ఎవరూ ఇరవై నిమిషాలకి మించి చిక్కుకోరు, అతనికీ కొత్త శ్రోతలు దొరుకుతారు, ఉభయతారకం.

సీటు దగ్గరకి వెళ్లి పిలవడం గురించి మీరన్నది నేను ఒప్పుకుంటున్నాను. నా పద్ధతిలో అది లోటే. నేను అకౌంట్స్ మనిషిని, నేను సీటు దగ్గరకి వస్తే జనం బిల్లుల గురించేమో అని కంగారుపడతారు, అందుకని మెయిల్‌కి అలవాటు పడ్డాను. ఈసారి వెళ్తాను.

మూడో_అంతస్తువాడు:

ఈవెంట్ అయిపోయింది. చెప్పకుండా మాయమైతే బాగుండదని మళ్లీ వచ్చాను. కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

అక్క చెప్పినట్టు పేరు లేకుండా "ఏం వద్దు?" అని పంపాను. 34 మందిలో 31 మంది రాశారు. 19 మంది "మైక్" అన్నారు. 12 మంది "శనివారం". ఒకరు "ఆ అరుపుల ఆయన" అని రాశారు, ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ పట్టీ తీసుకెళ్లి మేనేజర్‌గారి ముందు పెడితే చాలాసేపు చూశారు. "పోయినసారి అందరూ బాగుందన్నారే" అన్నారు. పేరు గడి ఉంది కదండీ అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, గురువారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర అంటే సరే అన్నారు. గడువుల మెయిల్ కూడా ఆయనే పెట్టారు.

హాల్లో మూడు మూలలు పెట్టాను. ఒక మూల బల్ల ఆటలు, నలుగురేసి, మార్పిడితో. ఇంకో మూల "ఇరవై నిమిషాల్లో నేర్పుతా". మూడో మూల కిటికీ దగ్గర పెద్ద బల్ల, దాని మీద వెయ్యి ముక్కల జిగ్‌సా పజిల్, చుట్టూ కుర్చీలు. ఎవరు ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఊరికే కూర్చోవచ్చు.

నేర్పుతా అని ముందుకొచ్చింది ఇద్దరే. ఒకరు మా పెద్దాయన. కుర్రతనంలో కొండలెక్కేవారట, తాడు ముడులు వచ్చట. తొమ్మిదేళ్లుగా ఆయన వెనక సీట్లో ఉన్నాను, నాకు తెలియదు. "మీ గురించి ఎవరికీ తెలియని విషయం" అని పోయినసారి మైక్ పెట్టి అడిగితే ఆయన "ఏమీ లేదు బాబూ" అని దిగిపోయారు. ఈసారి ఒక చేత్తో వేసే ముడి ఒకటి వేసి చూపించేసరికి మా 22 ఏళ్ల కుర్రాడు ఆయన్ని వదల్లేదు. బల్ల మార్పిడి గంట కొట్టినా కదల్లేదు. నేనూ వదిలేశాను.

టెస్టింగ్ ఆవిడ నేరుగా పజిల్ దగ్గరకి వెళ్లారు. ఏమీ మాట్లాడకుండా ముందు అంచు ముక్కలన్నీ వేరు చేయడం మొదలుపెట్టారు. పావుగంటకి ఇంకొకరు వచ్చి కూర్చున్నారు, తర్వాత ఇంకో ఇద్దరు. "ఆకాశం ముక్కలు ఇటు పెట్టండి" అని ఆవిడ చెప్పడం విన్నాను. గంటన్నరలో నేను విన్నది ఆ ఒక్క వాక్యమే, కానీ చివరిదాకా లేవలేదు.

చెడినవి కూడా చెప్పాలి. ఇంటి నుంచి పని చేసేవాళ్ల ఆట దెబ్బతింది. ముందు రోజు తీరిగ్గా చూసుకున్న లింకు ఆ టైముకి పది నిమిషాలు తెరుచుకోలేదు. ఆరుగురిలో ముగ్గురే మిగిలారు. ఆడినంతసేపూ బాగానే ఆడాం కానీ, పోయిన ముగ్గురికీ నేను విడిగా ఫోన్ చేసి సారీ చెప్పుకున్నాను. వచ్చేసారికి ఇంకో ఆట సిద్ధంగా పెట్టుకుంటాను. అసలు రానివాళ్లు ఇద్దరు. ఒకరు నాకు బాగా దగ్గర స్నేహితుడు. ఎందుకు రాలేదని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నాలుగు రోజులు పట్టింది ఆ దురద పోవడానికి.

నేను ప్లాన్ చెయ్యని సంగతి ఒకటి జరిగింది. పజిల్ సగమే అయింది. తీసేద్దామని వెళ్తే ఆవిడ "ఉంచండి" అన్నారు. ఉంచాను. శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే ఆకాశం ఎడమ వైపు మొత్తం నిండిపోయి ఉంది. రాత్రి షిఫ్టువాళ్లు! అక్కడే ఒక చీటీ: "చెట్టు మీరు చెయ్యండి, మాకు రావట్లేదు." అలా తొమ్మిది రోజులు నడిచింది. పగటివాళ్లు చెట్టు, రాత్రివాళ్లు ఆకాశం, మధ్యలో చీటీలు. సపోర్ట్‌లో కొందరి పేర్లు నాకు ఆ చీటీల మీదే మొదటిసారి తెలిశాయి. వాళ్ల ఈవెంట్ వచ్చే బుధవారం రాత్రి. మేనేజర్‌గారు వస్తానన్నారు, కాల్స్ ఇంకో టీమ్ ఎత్తుతుందని మెయిల్ కూడా వచ్చింది. ఇంకో పజిల్ పట్టుకెళ్తున్నాను.

తర్వాతి ఈవెంట్ మూడు నెలల్లో. అది కూడా నువ్వే చెయ్యి అంటున్నారు. ప్రస్తుతానికి లంచ్ రూమ్‌లో ఎక్కువసేపు కూర్చుంటున్నాను, ఎవరైనా గొణుగుతారేమో అని.